మిణుగురుకు ఎవరి ముఖం

భవానీపురం, విజయవాడ
జూలై, ఆదివారం, ఆరాధన నుంచి వచ్చాక

ఒరేయ్ జక్కయ్యా,

నీకు వందనాలు, కనకలక్ష్మి చెల్లెమ్మకు వందనాలు, పిల్లలకూ మనవలకూ వందనాలు, దొడ్లో ఉన్న గేదెలకు కూడా నా వందనాలు చెప్పు. ఇవాళ నా సంతోషం అంత ఉంది. ఫోను చేద్దామంటే నీకు ఒక చెవి లేదు, నాకు ఇంకో చెవి లేదు. పోయినసారి మనిద్దరం అరుచుకుంటుంటే పక్కింటావిడ "ఎవరు పోయారండీ?" అంటూ పరిగెత్తుకొచ్చింది. అందుకే కవరు కొన్నాను. మూడు కాగితాలు పట్టే కవరు.

నిలబడి చదువుతున్నావా? కూర్చో. "నీలిచాప" మళ్ళీ అచ్చవుతోందిరా! మన నీలిచాప! మిషను బడిలో దేవసహాయం మాస్టారు శుక్రవారం ఆఖరి గంటలో చదివి వినిపించేవాడే, ఆ పుస్తకం. కెప్టెన్ అహల్య, తమ్ముడు భాస్కరుడు, నీలి తెరచాప పడవ ముందు కొసన కూర్చుని కాపలా కాసే బుల్లి చెల్లెలు మిణుగురు, కృష్ణ మధ్యలో పేరు లేని లంక. ఇన్నేళ్ళుగా ఎక్కడా దొరకని పుస్తకాన్ని గవర్నర్‌పేటలో ఒక ప్రచురణకర్త మళ్ళీ వేస్తున్నాడు. పాత పుస్తకంలో అట్ట మీద పడవ తప్ప బొమ్మే లేదు కదా. ఇప్పుడు పేజీ పేజీకి బొమ్మలట. ఆ బొమ్మలు వేసేది ఎవరనుకున్నావు?

మా వినీల! నా కూతురు! లారీలకు బాడీలు కట్టుకుని బతికిన సంజీవరావు కూతురు! నేను ఏడో తరగతితో ఆగిపోయిన మనిషిని. జన్మలో మొదటి నుంచి చివరిదాకా చదివిన కథల పుస్తకం అదొక్కటే. దాన్నే ప్రతి వానాకాలం కూడబలుక్కుంటూ వినీలకు చదివి వినిపించి పెంచాను. అదే ఇవాళ దాని చేతికి వచ్చింది. ఈ మాట తెలిసినప్పటినుంచి కుర్చీలో కూర్చోలేకపోతున్నాను. ఘాటు దాకా వెళ్తాను, నదిని చూస్తాను, మళ్ళీ ఇంటికొస్తాను, మళ్ళీ వెళ్తాను. టీ కొట్టువాడు నన్ను చూసి "పెద్దాయనా, మీకేమన్నా పెళ్ళా?" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది వినీల చెవిన మాత్రం పడకూడదు. ఐదేళ్ళకే జ్వరంతో పోయిన మా చెల్లి రూతుకు ఒక్క ఫోటో అయినా లేదని నీకు తెలుసు. మా అమ్మ కన్నుమూసేదాకా "నా పిల్ల ముఖం ఒక్కసారి చూపించేవాళ్ళు లేరే" అంటూనే ఉంది. మనం కాలవలో తాటిదోనె మీద మీ నాన్న పంచెను తెరచాపగా కట్టి నీలిచాప ఆట ఆడుకున్నప్పుడు నువ్వు భాస్కరుడివి, నేను మగ అహల్యను, రూతే కదా మన మిణుగురు. కాబట్టి వినీల గీసే మిణుగురుకు మా రూతు ముఖమే రావాలి. అచ్చులో, రంగుల్లో, ఊళ్ళన్నీ చూసేటట్టు!

వినీలకు చెప్పలేదు. చెబితే "ఇది పుస్తకం నాన్నా, మన ఇంటి ఆల్బం కాదు" అంటుంది. అందుకని మాటల్లో మాటగా ఒక్కొక్కటే అందిస్తున్నాను. ఉంగరాల జుట్టు చెప్పాను. గాలికెగిరే ఎర్ర రిబ్బను చెప్పాను. నవ్వితే బుగ్గన సొట్ట పడేదని చెప్పాను. ఏ బుగ్గో మాత్రం తేలడం లేదు. రూతును చూసినవాళ్ళలో మిగిలింది నువ్వూ నేనూ. సొట్ట కుడి బుగ్గనా, ఎడమ బుగ్గనా? వెంటనే రాయి.

నీ
సంజీవరావు


కంకిపాడు
జూలై ఆఖరు

సంజీవరావుకు,

ఇక్కడ అందరం బాగున్నాం. కాలవకు నీళ్ళు ఆలస్యంగా వదిలారు. నాట్లకు మనుషులు దొరకడం లేదు. నా నడుము సంగతి అడక్కు.

నీ ఉత్తరం ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. కనకలక్ష్మి "వినీల చేతులు చల్లగా ఉండాలి" అంది. మా నాని, అదే మనవడు, "తాతా, మన ట్రాక్టరు ట్రక్కు మీద రాసి ఉన్న నీలిచాప ఈ పుస్తకమేనా?" అని అడిగాడు. అవునన్నాను. వాడు ఇన్నాళ్ళూ అది ఎరువుల కంపెనీ పేరనుకున్నాడట.

అహల్యను మాత్రం తెల్లగా గీయొద్దని వినీలకు చెప్పు. ఎండలో నదిలో తిరిగే పిల్ల. మోచేతులు చెక్కుకుపోయి ఉండాలి. భాస్కరుడు పిరికివాడు కాదు, నెమ్మదైనవాడు. అందరూ ఇక్కడే పొరబడతారు. లంక మీద వాన కురిసినప్పుడు అతను తెరచాప విప్పి ముందు చెల్లెలికి కప్పాడు, తర్వాత అక్కకు కప్పాడు. తాను తడిశాడు. అది మరిచిపోవద్దు.

సొట్ట సంగతి ఆలోచించి చెబుతాను. చాలా కాలమైంది కదా.

జక్కయ్య


భవానీపురం
ఆగస్టు

జక్కయ్యా,

నీ ఉత్తరం వచ్చింది, దేవుడికి స్తోత్రం. కానీ సొట్ట మాట దాటేశావు! ఆలోచించడానికి అదేమన్నా అసెంబ్లీ సమస్యా?

ఇక్కడ ఇల్లు ఇల్లులా లేదు. ఎవరి ద్వారానో పొక్కింది, పుస్తకం వస్తోందని. కళ్ళజోడు బాగు చేయించుకుందామని గవర్నర్‌పేట వెళ్తే కళ్ళజోళ్ళ కొట్టు రామకోటేశ్వరరావు గారు నా కళ్ళజోడు చేతిలో పట్టుకునే నిలదీశాడు. "అహల్యకు ఒక్క జడేనండీ! రెండు జడలు వేశారంటే నేను పుస్తకం కొనను, మా వీధిలో ఎవర్నీ కొననివ్వను!" అన్నాడు. ఒక్క జడ అని పుస్తకంలో ఎక్కడుందండీ అంటే "రాయాలా? అలాంటి పిల్ల రెండు జడలు వేసుకుంటూ కూర్చుంటుందా?" అన్నాడు.

మొన్న అమలమ్మ గారని రిటైరైన నర్సమ్మ ఆటో కట్టించుకుని మరీ వచ్చింది. కర్ర పట్టుకుని మెట్లెక్కి, వినీల ఎదురుగా కూర్చుని, "అమ్మా, భాస్కరుడి మెడ సన్నంగా ఉండాలి. నా పదేళ్ళప్పుడు అతన్నే చేసుకుందామనుకున్నాను. తర్వాత మా ఆయన్ని చేసుకున్నాను. ఆయన మెడ లావు" అంది. వినీల నవ్వు ఆపుకోలేక పెన్సిలు కింద పడేసి, దాన్ని వెతుకుతున్నట్టు బల్ల కింద దూరింది. ఆవిడ మాత్రం నవ్వలేదురా. వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి, "పెళ్ళయి అత్తారింటికి పోతూ ఆ పుస్తకం పుట్టింట్లో వదిలేశాను. ఆ ముగ్గురూ నన్ను చూడ్డానికి ఒక్కసారీ రాలేదు" అంది. కళ్ళు తుడుచుకుంది. జక్కయ్యా, మనకు పిచ్చి అనుకున్నాం. ఊరంతా పిచ్చే!

వినీల పెన్సిలు బొమ్మలు మొదలుపెట్టింది. నేను దాని కుర్చీ వెనకే నిలబడుతున్నాను. "నాన్నా, నీ ఊపిరి నా మెడ మీద పడుతోంది. వెళ్ళి టీ తాగి రా" అంటుంది. వెళ్తాను. టీ సగం తాగి వచ్చేస్తాను. నిన్న మిణుగురును గీసింది చూడు! ఉంగరాల జుట్టు గాలికి చెదిరి, ఎర్ర రిబ్బను ఎగురుతూ, ముందు పన్ను ఒకటి ఊడి, పడవ కొసన కాళ్ళు వేలాడేసి! మా రూతేరా! అచ్చం రూతు! నేను బయటకొచ్చి ఘాటు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనేలే.

సొట్ట ఒక్కటే మిగిలింది. వినీల ఇప్పటికి కుడి బుగ్గన వేసి ఉంచింది. అది సరో కాదో నువ్వు చెప్పాలి. ప్రచురణకర్త అక్టోబరు ఆఖరుకు రంగుల బొమ్మలన్నీ కావాలంటున్నాడు. నాకు నిద్ర సరిగా పట్టడం లేదు.

నీ
సంజీవరావు


కంకిపాడు
సెప్టెంబరు

సంజీవరావుకు,

ఉత్తరం అందింది. నడుముకు ఉయ్యూరులో చూపించుకున్నాను. మందులిచ్చారు.

నా మాట విను. మిణుగురును మిణుగురులాగే ఉండనివ్వు. వినీల పుస్తకం చదివి గీస్తోంది, బాగా గీస్తోంది అంటున్నావు కదా, దాన్ని దాని పని చేసుకోనివ్వు. రూతును ఇందులోకి తేవద్దు. సొట్ట ఏ బుగ్గనైనా పరవాలేదు.

నీ ఆరోగ్యం చూసుకో. సగం టీ తాగి పరిగెత్తొద్దు, మెట్ల మీద పడతావు.

జక్కయ్య


భవానీపురం
సెప్టెంబరు, అదే వారం

ఏరా జక్కయ్యా,

పరవాలేదా? ఏ బుగ్గనైనా పరవాలేదా? మా రూతును చంకనెత్తుకుని కాలవ దాటించినవాడివి నువ్వు. అది పోయిననాడు మా ఇంటి వాకిట్లో మట్టిలో పడి దొర్లి ఏడ్చినవాడివి నువ్వు. అలాంటివాడివి పరవాలేదంటావా?

నేను నిన్ను పొలం రాసివ్వమన్నానా? ఒక బుగ్గ చెప్పమన్నాను.

నీ కడుపులో ఏదో ఉంది. ఉంటే కక్కెయ్. నీ ఉత్తరం వచ్చినప్పటినుంచి నేను వీధి చివర పోస్టుమాన్‌కు ఎదురెళ్తున్నాను. వినీల "నాన్నా, ఏమైంది? జక్కయ్య పెదనాన్నకు బాగోలేదా?" అని అడుగుతోంది. దానికేం చెప్పాలి? మీ పెదనాన్నకు నడుము బాగోలేదు, నోరు కూడా పడిపోయింది అని చెప్పనా?

వచ్చే వారం రంగులు మొదలు. రంగు పడ్డాక మార్చడం కష్టం. ఇది అచ్చయి పోయిందంటే రూతు ముఖం అదే అయిపోతుంది. తప్పుగా ఉండకూడదు. మా అమ్మ పరలోకం నుంచి చూసినా "నా పిల్లే" అనాలి.

రాయి.

సంజీవరావు


కంకిపాడు
సెప్టెంబరు ఆఖరు

సంజీవరావుకు,

నువ్వు కోప్పడతావు. అయినా అడిగావు కాబట్టి రాస్తున్నాను. రంగు పడకముందే చేరాలని నాని చేత బస్సులో పంపిస్తున్నాను.

రూతుకు సొట్ట లేదు.

కుడి బుగ్గనా లేదు, ఎడమ బుగ్గనా లేదు. ఉంగరాల జుట్టు కాదు. నిటారుగా, చీపురు పుల్లల్లా ఉండేది. పేలు పడుతున్నాయని మీ అమ్మ చెవుల పైకి కత్తిరించేది, ఆముదం పెట్టి దువ్వేది. ఎర్ర రిబ్బను నేను ఎప్పుడూ చూడలేదు. మన పేటలో ఆ రోజుల్లో ఏ పిల్లకు ఉంది రిబ్బను? పన్ను ఊడలేదు. పళ్ళు ఊడే వయసు రాకముందే పోయింది.

నీ మొదటి ఉత్తరం ఇంట్లోవాళ్ళకు చదివి వినిపిస్తుంటే నాకు వింతగా ఉంది. "ఉంగరాల జుట్టు, గాలికెగిరే ఎర్ర రిబ్బను, నవ్వితే సొట్ట" అని చదువుతున్నది నేను, వినపడుతున్నది దేవసహాయం మాస్టారి గొంతు. శుక్రవారం ఆఖరి గంట. అవి పుస్తకంలోని మాటలు, సంజీవరావూ. మిణుగురు మొదటిసారి పడవ ఎక్కే చోట ఉన్న మాటలు.

నువ్వు ప్రతి వానాకాలం ఆ పుస్తకం చదివావు. చదివిన ప్రతిసారీ మిణుగురు చోట రూతును కూర్చోబెట్టుకున్నావు. కూర్చోబెట్టి కూర్చోబెట్టి రూతు ముఖం మీద మిణుగురు ముఖం వచ్చేసింది. నేను రూతు పోయాక ఆ పుస్తకం ముట్టుకోలేదు. ట్రక్కు మీద పేరు రాయించుకున్నాను కానీ పుస్తకం తెరవలేదు. నాకు చేత కాలేదు. అందుకే నా దగ్గర రూతు రూతుగానే ఉండిపోయింది.

నువ్వంత ఆనందంగా రాస్తుంటే ఈ మాట ఎలా చెప్పను? సొట్ట కుడి బుగ్గనే అని రాసేద్దామని రెండుసార్లు కాగితం తీశాను. నీ సంతోషానికి నా అబద్ధం ఏమంత ఎక్కువ అనుకున్నాను. కానీ ఆ పిల్లకు ఉన్న ఒకే ఒక్క ముఖాన్ని నేను కూడా చెరిపితే ఇంకెవరూ మిగలరు.

జక్కయ్య


భవానీపురం
అక్టోబరు

జక్కయ్యకు,

రూతు నా చెల్లెలు. నా పక్కన ఒకే చాప మీద పడుకున్న పిల్ల. దాని ముఖం నాకు తెలుసా, నీకు తెలుసా?

నీకు వయసు మీద పడింది. ఎవరినో చూసి ఎవరో అనుకుంటున్నావు. చీపురు పుల్లల జుట్టు మీ బాబాయి కూతురిది.

ఇక ఈ సంగతి నాకు రాయనక్కర్లేదు.

సంజీవరావు


భవానీపురం
అక్టోబరు, రెండు వారాల తర్వాత

జక్కయ్యా,

రాయనక్కర్లేదని నేనే రాసి, మళ్ళీ నేనే రాస్తున్నాను. నవ్వుకో.

ఆ ఉత్తరం పోస్టులో వేసి వచ్చి వినీల దగ్గర కూర్చున్నాను. రంగులు వేస్తోంది. కోపంలో ఉన్నానేమో, దాచుకున్న మాట ఆగలేదు. "అమ్మా, ఈ మిణుగురు మీ రూతు మేనత్త. నేను చెప్పినవన్నీ దాని గురుతులు" అన్నాను. కుంచె పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "అదేంటి నాన్నా? నువ్వు చెప్పినవన్నీ పుస్తకంలోవే కదా. నువ్వు ఒక్కొక్కటీ చెబుతుంటే నీకు పుస్తకం కంఠతా వచ్చని మురిసిపోయాను" అంది. పాత పుస్తకం తెచ్చి ఆ పేజీ చదివి వినిపించింది. నేను ఏ మాట తర్వాత ఏ మాట చెప్పానో అదే వరసలో ఉన్నాయిరా. గాలికెగిరే ఎర్ర రిబ్బను అనే మాటతో సహా.

కుడి బుగ్గన సొట్ట అని కూడా అందులోనే ఉంది. నేను నిన్ను అడుగుతూ కూర్చున్న ప్రశ్నకు జవాబు.

అప్పటినుంచి కళ్ళు మూసుకుని వెతుకుతున్నాను. రిబ్బను తీసేస్తాను. సొట్ట తీసేస్తాను. ఉంగరాల జుట్టు తీసేస్తాను. తీసేశాక అక్కడ ఎవరూ లేరు జక్కయ్యా. ఖాళీ. ఒకే చాప మీద పడుకున్న పిల్ల! ఉదయం నాలుగుసార్లు ఘాటుకు వెళ్ళొచ్చాను. గుడిలో ప్రార్థన చేస్తుంటే కూడా కాలు ఆడుతూనే ఉంది. పాస్టరు గారు "సంజీవరావు గారూ, ఎక్కడికన్నా వెళ్ళాలా?" అని అడిగారు. వెళ్ళాలి. ఎక్కడికో తెలియడం లేదు.

నా చెల్లెల్ని నేనే పోగొట్టుకున్నానా? పైగా ప్రేమతో?

వినీల ఏమందంటే, "మిణుగురు బొమ్మ మార్చను నాన్నా. అది అమలమ్మ గారిది, రామకోటేశ్వరరావు గారిది, పుస్తకం చదివిన అందరిదీ. అందరూ ఆ పిల్ల కోసం ఎదురుచూస్తున్నారు. రూతత్తను విడిగా గీస్తాను. కానీ నీ మాటలతో కాదు, పెదనాన్న మాటలతో."

ఆ మాటకు నొప్పి కలిగింది. సరైన మాట కాబట్టి కలిగింది.

నీకు తెలిసినదంతా రాయి. మంచిదే రాయాలని చూడకు. ఉన్నది ఉన్నట్టు రాయి. నేను కోప్పడను. కోప్పడితే వినీల ఉంది, నా చెవి పట్టుకుంటుంది.

నీ
సంజీవరావు


కంకిపాడు
నవంబరు

ఒరే సంజీవరావూ,

ఇన్నాళ్ళకు నీ గొంతు వినపడింది. వరి కోతకొచ్చింది, పైన మబ్బు చూస్తే భయంగా ఉంది. అయినా రాయడానికి కూర్చున్నాను. కనకలక్ష్మి కాఫీ పెట్టి, "అన్నయ్య గారికి అన్నీ రాయండి, దాచకండి" అని ఎదురుగా కూర్చుంది.

నువ్వేమీ పోగొట్టుకోలేదు. నీకు అది లేకుండా గడవలేదు, కథలో దాచుకున్నావు. నాకు దాన్ని తలుచుకునే ధైర్యం లేదు, తలుపేసుకున్నాను. ఇద్దరిలో ఎవడు మంచి పని చేశాడో నాకు తెలియదు.

ఇక ఉన్నది ఉన్నట్టు.

నల్లటి పిల్ల, గుండ్రటి ముఖం. ఎడమ కనుబొమలో చిన్న గాటు, అక్కడ వెంట్రుకలు మొలిచేవి కావు. కట్టెల మోపు మీద పడ్డప్పటిది. చెవులు పెద్దవి, జుట్టు పొట్టి కావడంతో ఇంకా పెద్దగా కనిపించేవి. గౌను అంచు పిడికిట్లో పట్టుకుని నిలబడేది, నడిచేది కూడా అలాగే. ఊరికే నవ్వేది కాదు. ముందు మనిషిని బాగా చూసేది, తర్వాత తన పని తను చేసుకునేది. నిన్ను అన్నయ్య అని పిలవగా నేను వినలేదు. "ఒరే సంజీ" అనేది. మీ అమ్మ అందుకు ఒకటి అంటించేది, అయినా మానలేదు.

ఇంకొక సంగతి. చెప్పొచ్చో లేదో అని ఆలోచించాను. ఉన్నది ఉన్నట్టు అన్నావు కాబట్టి చెబుతున్నాను. రూతుకు నీలిచాప ఆటంటే ఇష్టం లేదు. దానికి నీళ్ళంటే భయం. మాస్టారు కథ చదువుతుంటే నీ ఒళ్ళో నిద్రపోయేది. మనం దోనెలోకి లాగితే "నాకు ఓడొద్దు, నేను వంట చేసుకోవాలి" అని గట్టు మీద చతికిలబడేది. ఎక్కిస్తే ఏడ్చేది, దింపితే మానేది. పది ఆటల్లో ఒకసారి ఎక్కి ఉంటుందేమో. మిగతా అన్నిసార్లూ మన మిణుగురు గట్టు మీదే ఉంది.

మన ఆటలో మిణుగురు లేదురా. మనిద్దరమే ఉన్నాం.

వినీలను ఆశీర్వదించానని చెప్పు. కోతలయ్యాక వస్తాను.

జక్కయ్య


భవానీపురం
డిసెంబరు, గుమ్మానికి నక్షత్రం కట్టిన రోజు

ఒరేయ్ జక్కయ్యా!

పుస్తకం వచ్చేసిందిరా! ఇవాళే! ఇంకా రంగు వాసన పోలేదు. నీ ప్రతి ఈ ఉత్తరంతోనే పార్శిలు చేస్తున్నాను, వినీల సంతకంతో. అహల్య ఎండకు కమిలి మోచేతులు చెక్కుకుని ఉంది. నువ్వు చెప్పిందే. ఒక్క జడ, రామకోటేశ్వరరావు గారు గెలిచాడు. భాస్కరుడి మెడ సన్నగా ఉంది, అమలమ్మ గారు పుస్తకాన్ని గుండెకు హత్తుకుని ఆటో ఎక్కింది. ఇక మిణుగురు! ఉంగరాల జుట్టు, ఎర్ర రిబ్బను, కుడి బుగ్గన సొట్ట, పడవ కొసన కూర్చుని లంకను చూపిస్తోంది. ఎంత బాగుందిరా! ఆ పిల్లను ఇన్నేళ్ళకు మొదటిసారి తనలాగే చూశాను. నీకెవరి పోలికా లేదమ్మా, నువ్వు నువ్వే అన్నాను. పైకే అన్నాను. పోస్టుమాన్ విన్నాడు. విననీ.

ఇప్పుడు రెండోది. దీని కోసమే నిలబడి రాస్తున్నాను, కూర్చుంటే చెయ్యి కదలడం లేదు.

నీ ఉత్తరం వినీల పైకి చదువుకుని రూతును గీసింది. మొన్న నాకు చూపించింది. పొట్టి జుట్టు, పెద్ద చెవులు, కనుబొమలో గాటు, పిడికిట్లో గౌను అంచు. చాలాసేపు చూశాను. ఎవరో పిల్ల. మన పేట పిల్లే, కానీ ఎవరో పిల్ల. "గుర్తొచ్చిందా నాన్నా?" అని వినీల అడిగింది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "లేదమ్మా" అన్నాను. బొమ్మను నా మంచానికి ఎదురుగా గోడకు పెట్టి వెళ్ళిపోయింది.

రెండు రోజులు ఆ పిల్లా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. నువ్వు రాసినట్టే బాగా చూస్తుంది. నవ్వదు. నాకు భయం కూడా వేసింది. నన్ను గుర్తుపట్టనివాడివి నువ్వేం అన్నయ్యవురా అన్నట్టుంది.

ఈ ఉదయం పుస్తకం వచ్చిన ఊపులో, ఆ గదిలో నిలబడి నీ ఉత్తరం మళ్ళీ చదివాను. "నాకు ఓడొద్దు, నేను వంట చేసుకోవాలి." ఆ ముక్క దగ్గర నవ్వొచ్చింది. ఓడ కోసం ఇంత గొడవ చేసిన మనిషి చెల్లెలికి ఓడే వద్దట! నవ్వుతూ ఆ బొమ్మను చూసి, "ఏమ్మా, నిన్ను పట్టుకుని లాగామా?" అన్నాను. అంటూ ఉంటే చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదకు వెళ్ళిందిరా.

జేబు తడి.

ఇప్పటి చొక్కా కాదు. ఆనాటి చొక్కా. దోనె విప్పి మనం బయల్దేరబోతుంటే రూతు గట్టు మీద నుంచి దిగి వచ్చేది. నీళ్ళలో కాలు పెట్టేది కాదు, చెయ్యి మాత్రం చాపేది. ఆముదపాకులో బురద ఇడ్లీ. నేను వంగితే దాన్ని తీసి నా జేబులో కూరేది. కూరి, పైనుంచి అరచేత్తో రెండుసార్లు తట్టేది. "ఒరే సంజీ, ఆకలేస్తే తిను." ఆ బురద నీళ్ళు చొక్కాలోంచి కారి పొట్ట మీదకు చల్లగా జారేవి. ఇంటికి వెళ్తే జేబు చూసి అమ్మ నన్ను కొట్టేది. రూతు చేసిందని నేను ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఇది నువ్వు రాయలేదు జక్కయ్యా. నీ ఉత్తరం నాలుగుసార్లు వెతికాను, లేదు. వినీలను కూర్చోబెట్టి పుస్తకం మొత్తం వెతికించాను, మిణుగురు ఎవరికీ బురద ఇడ్లీ పెట్టలేదు. మాస్టారి గొంతులో వినపడలేదు. రూతు గొంతులో వినపడింది. ఇది నాదిరా! నాకు మిగిలింది! ముఖం ఇంకా రాలేదు, రాకపోయినా సరే. ఆ చెయ్యి వచ్చింది. చిన్న చెయ్యి, గోళ్ళలో మట్టి, నా జేబు మీద రెండు దెబ్బలు.

వినీలకు చెబితే గోడ మీది బొమ్మ దింపి బల్ల మీద పెట్టుకుంది. "నాన్నా, ఆ చేతిలో గౌను అంచు ఉండనీ. రెండో చెయ్యి ఎటు చాపేదో చూపించు" అంది. నేను పడవలో ఉన్నట్టు వంగాను. దాని ఎత్తు ఇంత అని నా ఛాతీ దగ్గర చూపించాను. వినీల పెన్సిలు పట్టుకుని నా జేబు వైపే చూస్తూ గీస్తోంది. నేను వంగే ఉన్నాను. ఒక చేత్తో బల్ల పట్టుకుని, రెండో చేత్తో నీకు ఈ ఆఖరి ముక్కలు రాస్తున్నాను. నడుము విరిగిపోతోంది, అయినా లేవను.

నీ
సంజీ